ఎవరూ పని చెప్పని ఊరు

కుట్టు దుకాణం వదిలేసి సముద్రపు ఒడ్డునున్న ఆ స్వేచ్ఛాజీవుల ఊళ్లో చేరిపోయిన చెల్లెల్ని ఎలాగైనా వెనక్కి తీసుకెళ్లాలని వచ్చింది అక్క. చెల్లెలు వెళ్లిన దగ్గర్నుంచీ ఆమెకు అన్నం సహించడం లేదు. ఆ మాట మాత్రం చచ్చినా పైకి అనదు.

ఊరి మొదట్లోనే రంగురంగుల బోర్డు: 'ఇక్కడ నియమాలు లేవు'. దాని కిందే చెప్పులు విప్పాలి, గట్టిగా మాట్లాడకూడదు, ఎవర్నీ చూసి అసూయపడకూడదు అంటూ చాంతాడంత పట్టీ. అక్క చెప్పులు విప్పలేదు.

ఊరంతా వల ఊయలల్లో వేలాడుతోంది. ఒకాయన గిటారు శ్రుతి చేసుకుంటున్నాడు. పాట మొదలుపెట్టే ఉద్దేశం ఉన్నట్టు లేదు. గడ్డం పెద్దాయన ఎదురొచ్చాడు.

"ఇక్కడ ఎవరూ ఎవరికీ పని చెప్పరండీ. మనసుకు తోచింది చేసుకుంటాం."

"మరి వంటా వార్పూ?"

"అవన్నీ వాటంతట అవే జరిగిపోతాయి."

ఎలా జరిగిపోతున్నాయో వంటింట్లోకి వెళ్లాక తెలిసింది. కొండలా పేరుకున్న గిన్నెల ముందు గొంతుక్కూర్చుని, మోచేతుల దాకా మసితో చెల్లెలు తోముతోంది.

"వీళ్ల ఎంగిలి కంచాలు తోమడానికా ఇంత దూరం వచ్చావు?"

"నన్నెవరూ తోమమనలేదక్కా."

"అనకుండానే చేయించుకుంటున్నారు, మహానుభావులు!"

"ఒట్టి సోమరిపోతులని నాకూ తెలుసు. కానీ అక్కడ? పొద్దున లేస్తే కాజాలు కుట్టు, గుండీలు వెయ్యి, ఇటు రా, అటు పో. నీ నోట ఇంకో మాట ఎప్పుడైనా విన్నానా?"

బుద్ధెరిగాక మొదటిసారి అక్క ఒకర్ని బతిమాలింది.

"ఇంటికి రావే. నువ్వు లేక నాకు దిక్కు తోచడం లేదు. ఇకమీదట నీకు ఒక్క పని చెబితే ఒట్టు."

చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి. గబగబా చేతులు కడుక్కుని సంచీ సర్దుకొచ్చింది. ఇద్దరూ గుమ్మం దాకా వచ్చారు. రాత్రి వంట సంగతేమిటన్నట్టు గిటారాయన బిత్తరపోయి చూశాడు. అక్క విజయగర్వంతో వంటింటి వైపు ఓ చూపు విసిరింది. సగం తోమిన గిన్నె ఒకటి అక్కడే పడి ఉంది. ఆమె ప్రాణం ఊరుకోలేదు.

"ఆ ఒక్క గిన్నె కడిగి బోర్లించి రావే. పని సగంలో వదిలేస్తారా ఎవరైనా?"

చెల్లెలు సంచీ కింద పెట్టి లోపలికి వెళ్లింది. ఆ గిన్నె తళతళలాడేలా తోమి బోర్లించింది. తర్వాత ఇంకో గిన్నె అందుకుంది. అక్క గుమ్మంలోంచి ఎంత పిలిచినా తల ఎత్తలేదు.