ఒకరి కర్రకి ఇంకొకరి గొట్టం

తుపాకుల షాపు పెద్దాయన గొట్టాలు ఊడదీసి, వాటి కిందివైపున్న నంబరు మీదికి భూతద్దం వంచాడు. భుజానికి ఆనించే చెక్క కర్రకి బిగించి ఉన్న ఇనుప భాగాన్ని తిప్పి అక్కడి నంబరూ చూశాడు. మళ్ళీ గొట్టాల దగ్గరికే వచ్చాడు. మూడోసారి చూసేసరికి పిడుగు లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

పిడుగంటే ఆమే. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది, ఇద్దరు పిల్లల తల్లి. కాగితాల్లో నిక్షేపంలాంటి పేరుంది గానీ, చిన్నప్పుడు తండ్రి పిలిచిన పిలుపే నిలిచిపోయింది. కోపం కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

తండ్రి పోయి మూడు నెలలు. ఆయన లైసెన్సు తుపాకీ వారసురాలిగా తన పేరు మీదికి రావాలంటే ముందు దాన్ని ఈ షాపులో అప్పగించి రసీదు తీసుకోవాలి. మరణ ధ్రువపత్రం, అమ్మ అంగీకార పత్రం, డాక్టరు సర్టిఫికెట్... వీటన్నిటి కోసం చెప్పులరిగేలా తిరిగింది. చివరికి నిన్న, తుపాకీని ఇంటినుంచి షాపుదాకా తీసుకెళ్ళడానికి స్టేషన్లో ఒక అనుమతి కాగితం ఇచ్చారు. అది ఈ సాయంత్రం ఐదింటిదాకానే చెల్లుతుంది.

"అమ్మా, లైసెన్సులో చివరి రెండంకెలు ముప్ఫై ఏడు. కర్ర దగ్గరా ముప్ఫై ఏడే. గొట్టాల మీద మాత్రం ముప్ఫై ఎనిమిది ఉంది," అన్నాడు పెద్దాయన.

"ఒక్క అంకేగా. చెక్కినవాడు పొరబడి ఉంటాడు."

"చెక్కినవాడు పొరబడలేదు. ఇవి జంట తుపాకులు. రెండోది ఎవరి దగ్గరుంది?"

రెండోది బాబాయి దగ్గరుంది.

తాత కొన్న జంట అది. కొడుకులకి చెరొకటి ఇచ్చిపోయాడు. ఏడాదికోసారి అన్నదమ్ములిద్దరూ వరండాలో ఒకే చాప మీద కూర్చుని, రెండు తుపాకులూ విప్పి నూనె రాసేవాళ్ళు. పదకొండేళ్ళ కిందట ఆ చాప మీదే మాటా మాటా పెరిగింది. ఆస్తి కోసం కాదు, ఆడవాళ్ళ మాటల మీదా కాదు. కుర్రతనంలో ఒక అడవిపందిని కొట్టారు, దాన్ని పడగొట్టింది ఎవరి గుండు అని! నాదంటే నాదని అరుచుకుని, చేతికందిన ముక్కలు కసిగా బిగించుకుని ఎవరిదారిన వాళ్ళు లేచిపోయారు. చచ్చిన పంది కోసం బతికున్న అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. అన్న పోయిన రోజున కూడా బాబాయి ఇంటి గేటు దగ్గరే కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. పిడుగు దాన్ని ఈ జన్మకి క్షమించనని ఒట్టేసుకుంది.

"మరి ఇన్నిసార్లు లైసెన్సు రెన్యువల్ చేశారు కదండీ?"

"గుమాస్తాలు కర్ర దగ్గర చూసి ముద్ర కొడతారు. గొట్టాలు ఊడదీసే ఓపిక ఎవడికుంది?"

"మీరు కూడా చూడలేదనుకోండి. మీకు దండం పెడతాను."

పెద్దాయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళుగా ఈ రిజిస్టర్లో చూడనిది రాయలేదు, చూసింది రాయడం మానలేదు. కానీ ఇంకా పెన్ను తీయలేదుగా. ఐదింటిలోపు రెండు తుపాకులూ ఈ బల్ల మీదికి వస్తే పొరపాటని రాస్తాను. ఒక్కటే ఉంటే, లైసెన్సు లేని గొట్టాలు దొరికాయని రాయాలి. రాస్తే నీ మీద కేసు. ఆస్పత్రివాళ్ళు ఊరుకుంటారా తల్లీ?"

ఊరుకోరు. పిడుగుకి ఆ సంగతి ఆయన చెప్పక్కర్లేదు.

బాబాయి బ్యాంకు గేటు దగ్గర కాపలా ఉంటాడు. సొంత తుపాకీ ఉన్నవాడనే ఆ ఉద్యోగం దొరికింది. పిడుగు వెళ్ళేసరికి ఖాకీ బట్టల్లో, భుజాన తుపాకీతో, స్తంభానికి జత స్తంభంలా నిలబడి ఉన్నాడు. మీసం మొత్తం నెరిసింది. ముక్కు మాత్రం అచ్చం నాన్న ముక్కు, అది చూసేసరికి ఆమెకి ఇంకా మండింది.

"డ్యూటీలో మాట్లాడకూడదు," అన్నాడు ఎటో చూస్తూ.

"నువ్వు మాట్లాడొద్దులే బాబాయ్, విను." జరిగింది గడగడా చెప్పేసింది. ముప్ఫై ఎనిమిది అన్న మాట దగ్గర ఆయన రెప్ప వాల్చాడు. ఆశ్చర్యపోలేదు. పిడుగుకి అప్పుడు అర్థమైంది.

"నీకు తెలుసు!"

"తెలుసు. మరుసటేడు నూనె రాస్తుంటే చూశాను."

"పదేళ్ళుగా తెలిసి, మా గడప తొక్కలేదా?"

"వాడు పెద్దవాడు. వాడే వస్తాడనుకున్నాను. వాడికీ తెలిసే ఉంటుందిగా." బాబాయి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు షాపాయన పొరపాటని రాసినా, విచారణ అయ్యేదాకా నా తుపాకీ స్టేషన్లో పెట్టుకోవచ్చు. తుపాకీ లేనివాణ్ణి ఈ గేటు దగ్గర ఒక్కరోజు ఉంచరు. నా వయసులో ఇంకెవరిస్తారే పని?"

"నా ఉద్యోగం పోయినా ఫర్వాలేదా?"

నాలుగింటిదాకా గేటు వదలకూడదని ఆయన గొణిగాడు. పిడుగు అక్కడే నిలబడి నాలుగు మాటలు అనేద్దామనుకుంది గానీ, ఏడుపొస్తుందేమోనని భయమేసి తిరిగొచ్చేసింది.

షాపులో చెక్కబెంచీ మీద కూర్చుంది. నాలుగున్నర అయింది. ఎదురుగా బల్ల మీద గొట్టాలు, వాటి పక్కన నాన్న ఎప్పుడూ వాటికి చుట్టిపెట్టే పాత గోధుమరంగు మఫ్లరు. గడియారం వైపు చూడకూడదనుకున్న ప్రతిసారీ చూసింది. నాలుగూ నలభై ఐదు. పెద్దాయన రిజిస్టరు ముందుకు లాక్కుని తారీఖు వేశాడు. తారీఖేగా, ఫర్వాలేదు, అనుకుంది. నాలుగూ యాభై రెండుకి ఆమె పేరు రాశాడు. పిల్లల్ని బడినుంచి ఎవరు తీసుకొస్తారో కూడా చెప్పిరాలేదే అని పిచ్చి ఆలోచన ఒకటి వచ్చింది.

నాలుగూ యాభై ఆరుకి తలుపు తోసుకుని బాబాయి వచ్చాడు. పరుగెత్తి వచ్చినట్టున్నాడు. తుపాకీ భుజం మీంచి దించి, ఖాళీ అని తెరిచి చూపించి, బల్ల మీద పెట్టాడు.

"రాయండి. ఏం రాసుకుంటారో రాయండి," అన్నాడు ఊపిరి కూడదీసుకుని.

పెద్దాయన దాని గొట్టాలు ఊడదీసి నంబరు చదివాడు. ముప్ఫై ఏడు. ఎవరి గొట్టాలు వాళ్ళ కర్రకి బిగించాడు. రెండూ టక్కున కూర్చున్నాయి. రిజిస్టర్లో నాలుగు వరుసలు రాసి, అందులో "పొరపాటు" అన్న మాట పైకి చదివి వినిపించి, ఇద్దరిచేతా సంతకాలు పెట్టించాడు. పిడుగు రసీదు రెండు చేతులతో అందుకుంది. గడియారం ఐదు కొట్టింది.

"మీ తుపాకీ సంగతి రేపు స్టేషనువాళ్ళు తేలుస్తారు, నేను కూడా వచ్చి చెబుతాను," అన్నాడు పెద్దాయన బాబాయితో.

బాబాయి వినలేదు. తన చేతికి తిరిగొచ్చిన తుపాకీని తెరిచి, గొట్టాల్ని దీపం వైపు ఎత్తి లోపలికి చూస్తున్నాడు. అద్దంలా ఉన్నాయి, ఒక్క మచ్చ లేదు.

"ఎవరే ఇంత శుభ్రంగా ఉంచింది?"

"ఇంకెవరు, నాన్నే. ప్రతి నెలా తుడిచేవాడు. కర్రనైనా వదిలేసేవాడు గానీ గొట్టాల్ని వదిలేవాడు కాదు. ఇదిగో, ఇందులో చుట్టిపెట్టేవాడు."

మఫ్లరు చూడగానే బాబాయి బెంచీ మీద కూలబడ్డాడు. పదకొండేళ్ళ కిందట, ఆ చాప మీంచి లేచిపోతూ ఆయన మర్చిపోయిన మఫ్లరది. కాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు.

"ఆ పందిని కొట్టింది అన్నేనే పిడుగూ," అన్నాడు. "నా గుండు చెట్టుకి తగిలింది. ఆ రోజే చూశాను నేను."

పిడుగుకి ఎక్కడలేని కోపమూ వచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది.

"నాకెందుకు చెబుతున్నావు బాబాయ్?" అంది. "నాన్న పోయిన రోజు గేటు దాకా వచ్చావుగా. లోపలికొచ్చి ఆయనకి చెప్పాల్సింది."