పదిమందికి పది మాటలు

నేను ఒక సెకండ్‌హ్యాండ్ ఫోన్ని. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. అద్దాల షాపుల్లో మెరిసిపోయే కొత్త ఫోన్లకు చెప్పుకోవడానికి ధర తప్ప ఏముంటుంది? నాకు కథ ఉంది. నా తెర మీద కుడి మూల నుంచి కిందికి ఒక గీత కూడా ఉంది. అది నా మొదటి యజమాని ఇచ్చిన బహుమానం.

నన్ను ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో, తెల్ల కోట్లు తొడుక్కుని ముక్కుకు గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు ముక్కా ముక్కా చేర్చి తయారు చేశారు. వాళ్ళకు నా మొహం చూసే తీరిక కూడా లేదు పాపం. అట్టపెట్టెలో పడుకుని భీమవరం చేరితే, రొయ్యల మేత అమ్మే రామభద్రరాజుగారు నన్ను కొన్నారు. ఆయన మంచివారే గాని, నా తెర మీద ఏది కనిపిస్తే దానికల్లా 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కేసేవారు. ఇరవై పేజీల షరతులను ఒక్క వేలితో కిందికి తోసేసి ఒప్పేసుకునేవారు. ఇంట్లో భార్య 'పులుసులో ఉప్పు సరిపోయిందా' అని అడిగితే మాత్రం రెండు ముద్దలు తిని, ఆలోచించి గాని జవాబు చెప్పేవారు కాదు. మనుషులు ఏ విషయంలో జాగ్రత్తపడతారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

రెండేళ్ళ తర్వాత ఆయన మోటారుసైకిల్ మీంచి నన్ను చెరువుగట్టు మీద పడేసి, గీత పడిందని నరసాపురంలో ఒక పాత ఫోన్ల షాపువాడికి అమ్మేశారు. అద్దాల పెట్టెలో నాలుగు నెలలున్నాను. ఎవరొచ్చినా నా గీత చూసి పక్క ఫోను అడిగేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, అప్పుడు బాధపడ్డాను.

ఒక మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ముందున్నావిడ పేరు అచ్చాయమ్మ. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది.

"ఏం బాబూ, ఇందులో బ్యాంకు కనపడతాదా?" అంది.

"అన్నీ కనపడతాయండి."

"కనపడితే సాలదు. మాకు అర్దమవ్వాల."

షాపువాడు నవ్వాడు. బేరం కుదిరింది. ఆ వెనకాల నిలబడ్డ ముప్పై ఏళ్ళావిడ చేతికి నన్నిచ్చారు. ఆవిడ అచ్చాయమ్మ కోడలు, మావుళ్ళమ్మ. ఊరు చేరేదాకా ఆటోలో నన్ను రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.

వాళ్ళది కాలవగట్టున ఉన్న చిన్న ఊరు. పదిమంది ఆడవాళ్ళు కలిసి లేసు అల్లే సంఘం. టేబుల్ మీద పరిచే పెద్ద గుడ్డ ఒకటి అల్లాలంటే ఎవరూ మొత్తం అల్లరు. ఒకరు పువ్వులు, ఒకరు ఆకులు, ఒకరు అంచు. ఎవరి ముక్క వాళ్ళు అల్లి తెస్తే, చివరికి అన్నిటినీ కలిపి అతికేది మావుళ్ళమ్మ. ఎక్కడ ఎవరి కుట్టు వదులుగా ఉందో ఆవిడ వేళ్ళకు తెలుస్తుంది. తెలిసినా పైకి అనదు, విప్పి మళ్ళీ తనే వేసేస్తుంది. అత్తగారి ముందు నోరెత్తి ఎరగదు. అత్తగారు గయ్యాళి అని కాదు, అత్తగారు మాట్లాడడం ఆపితే కదా ఇంకొకరికి సందు దొరికేది!

ఆ సంఘానికి ఒక కట్టుబాటుంది. అర్థం తెలియని మాట కింద ఎవరూ వేలు పెట్టకూడదు. దానికి కారణం అచ్చాయమ్మే. ఒకప్పుడు దారం ఇచ్చే ఏజెంటు ఏదో కాగితం తెస్తే, రసీదేమో అనుకుని వేలిముద్ర వేసింది. తర్వాత తెలిసింది, ఐదేళ్ళపాటు అల్లినదంతా అతనికే, అతను చెప్పిన ధరకే అమ్మాలని అందులో రాసి ఉందట. ఆ ఐదేళ్ళూ అచ్చాయమ్మ తనను తాను తిట్టుకుంటూనే అల్లింది. ఇప్పుడు వాళ్ళందరికీ ఒకటే కోరిక: దారం తామే మిల్లు నుంచి కొనుక్కోవాలి, తమకు నచ్చిన వాళ్ళకు అమ్ముకోవాలి. అందుకోసం రెండేళ్ళుగా కూడబెట్టినదంతా బ్యాంకులో ఉంది. కొనేవాళ్ళతో మాట్లాడడానికి, వాళ్ళకు లేసు ఫోటోలు పంపడానికి నన్ను తెచ్చారు.

నేను వస్తూనే నాతోపాటు అర్థంకాని మాటలు బోలెడు వచ్చాయి. లింక్, యాప్, పాస్‌వర్డ్, ఓటీపీ, కేవైసీ... ఇన్ని ఒక్క బుర్రలో ఎలా పడతాయని అందరూ దిగాలు పడ్డారు. అప్పుడు సంఘం పుస్తకం రాసే దయామణి అంది, "గుడ్డ అల్లినట్టే అల్లుదారి! తలా ఒక మాట పంచుకుందారి. ఎవరి మాటకి వాళ్ళే పూచీ." అలా పదిమందికి పది మాటలు పంచేశారు. బ్యాంకులో షాహీన్ మేడం అనే ఆవిడ ఓపికగా ఒక్కొక్కరికీ వాళ్ళ మాట నేర్పింది.

నేర్చుకున్నదాన్ని వాళ్ళు తమ సొంతం చేసుకున్న తీరు చూస్తే నాకు ముచ్చటేసేది. లింక్ తన వంతుకొచ్చిన ముసలావిడ, "లింకంటే గుమ్మం. తలుపు తీసుందని ఎవురింట్లో పడితే వాళ్ళింట్లో దూరిపోతావేటి?" అనేది. ఓటీపీ వచ్చినావిడ, "అది సినిమా టిక్కెట్టు. ఒక్క ఆటకే. ఎవుడి సేతిలో ఉంటే ఆడే లోనకెళ్తాడు, అందుకే ఎవుడికీ ఇవ్వకూడదు" అని తేల్చేసింది. కేవైసీ అంటే మనం మనమేనని బ్యాంకుకు రుజువు చూపించడమని తెలిసి ఒకావిడకు కోపమొచ్చింది. "పుట్టి పెరిగింది ఇక్కడే కదా, మళ్ళీ రుజువేటే!"

పిన్ అచ్చాయమ్మకు వచ్చింది. అక్కడే ఒక ఘనకార్యం జరిగింది. సంఘంలో దాపరికాలుండవు, ఏ పని చేసినా తీర్మానం రాసి, పైకి చదివి, పదిమందీ సంతకాలు పెట్టాలి. కాబట్టి పిన్ ఏ అంకెలు పెట్టాలో కూడా గంటసేపు చర్చించి, తీర్మానం పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి, గట్టిగా చదివి, సంతకాలు పెట్టేశారు. దారిన పోయే ఐస్‌పుల్లలవాడు కూడా విన్నాడు. తర్వాత వారం ఆ పుస్తకం చూసిన షాహీన్ మేడం కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అమ్మా, ఇదేంటి? పిన్ ఎవరికీ చెప్పకూడదండీ!"

"మాలో మాకు దాపరికమేటండి?" అంది అచ్చాయమ్మ.

మేడం అప్పటికప్పుడు పిన్ మార్పించింది. ఆ రోజు నుంచి అచ్చాయమ్మ కొత్త పిన్‌ను ఎంత భద్రంగా దాచిందంటే, నొక్కేటప్పుడు నా తెర మీద కొంగు కప్పేసేది. నాకే ఊపిరాడేది కాదు. పిన్ ఎవరికీ చెప్పకూడదు, అంతే. ఆవిడ పాఠం అక్కడితో పూర్తయింది.

మావుళ్ళమ్మకు 'రిక్వెస్ట్' వచ్చింది. ఎవరూ కోరుకోని మాట, మిగిలిపోయిన మాట. షాహీన్ మేడం దగ్గర ఆవిడ మూడుసార్లు అడిగి నేర్చుకోవడం నేను చూశాను. ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

దారం కొనడానికి సోమవారం బయల్దేరాలనుకున్నారు. దానికి ముందు గురువారం మధ్యాహ్నం అందరూ అరుగు మీద కూర్చుని అల్లుతుంటే నేను మోగాను. అందరికీ వినపడేలా అచ్చాయమ్మ స్పీకరు నొక్కింది. బెంగళూరులో పెద్ద హోటల్ వాళ్ళకు సరుకు కొంటానంటూ ఒకాయన. ఎంత మర్యాదో! "అమ్మగారూ, మీ లేసు ఫోటోలు చూశామండి. నూటయాభై గుడ్డలు కావాలి. అడ్వాన్సు ఇప్పుడే పంపిస్తున్నాను" అన్నాడు. అరుగు మీద సూదులన్నీ ఆగిపోయాయి. అచ్చాయమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ ఐదేళ్ళ అవమానానికి ఆ క్షణంలో బదులు దొరికిందనుకుంది.

నా తెర మీద ఒక కబురు వచ్చింది.

"అది నొక్కి పిన్ కొట్టండమ్మా, డబ్బులు మీ ఖాతాలో పడతాయి."

"పిన్ను ఎవురికీ సెప్పకూడదు బాబూ!" అంది అచ్చాయమ్మ గట్టిగా.

"నాకసలు చెప్పొద్దమ్మగారూ! ఎవరికీ చెప్పకండి. మీరే కొట్టండి. పది నిమిషాల్లో కాకపోతే ఆర్డరు వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది."

చూశారా తెలివి! ఆవిడ నేర్చుకున్న పాఠాన్నే ఆవిడ చేతికిచ్చాడు. ఇంత మంచివాడిని అనుమానిస్తామా అన్నట్టు అచ్చాయమ్మ కొంగు కప్పింది. ఆ చీకట్లో ఆవిడ వేలు నా మీద మూడు అంకెలు నొక్కింది. నేనేం చేయగలను? అరవడానికి నాకు నోరు లేదు. ఇంకో మూడు అంకెలు పడితే రెండేళ్ళుగా కూడబెట్టిందంతా నాలోంచే జారిపోతుంది, మళ్ళీ ఆ ఏజెంటు గుమ్మమే గతి అవుతుంది. అంత భయం నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

"అత్తయ్యా, ఆగండి."

గొంతు ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. మావుళ్ళమ్మ లేచి నిలబడి ఉంది. ఒళ్ళోని అల్లిక కింద పడింది.

"ఏటే?"

"అందులో ఏం రాసుందో సదవండి. రిక్వెస్ట్ అని ఉందా?"

దయామణి కొంగు తొలగించి చూసింది. "ఉంది."

"అది నా మాట. నన్ను అడగకుండా నొక్కుతున్నారేటి?" మావుళ్ళమ్మ అక్కడితో ఆగలేదు. "రిక్వెస్టంటే ఆయన మనల్ని అడుగుతున్నాడని. మనకి వచ్చే డబ్బుకి పిన్ను అక్కర్లేదత్తయ్యా. పోయేదానికే పిన్ను. మేడంగారు మూడుసార్లు సెప్పారు నాకు."

ఫోనులోని మర్యాద మాయమైంది. "మధ్యలో ఎవరమ్మా నువ్వు? చదువుకున్నదానివా? ఆర్డరు పోతుంది చూడు!" అని కసిరాడు.

"పోతే పోనీండి," అంది మావుళ్ళమ్మ. నన్ను అత్తగారి చేతిలోంచి తీసుకుని కాల్ కట్ చేసేసింది.

వెంటనే షాహీన్ మేడానికి ఫోన్ చేశారు. ఆవిడ సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఆ నంబరు మీద ఫిర్యాదు ఇప్పించింది, ఖాతాలో డబ్బు భద్రంగా ఉందని చెప్పింది. అప్పుడు గాని అచ్చాయమ్మ కూర్చోలేదు. కూర్చుని, పదిమందిలో కోడలి చెయ్యి పట్టుకుంది.

"కొట్టేసేదాన్నే మావుళ్ళూ. ఇంకో మూడు అంకెలు. మళ్ళీ మిమ్మల్నందర్నీ ఆ ఏజెంటుగాడి గుమ్మంలో నిలబెట్టేసేదాన్ని," అని ఏడ్చింది. మావుళ్ళమ్మ ఆవిడ పక్కన కూర్చుంది. ఆ పూట ఇంట్లో వంట అత్తగారే చేసింది.

సోమవారం వెళ్ళి దారం కొనుక్కొచ్చారు. నాలుగు బస్తాలు. ఆటోలోంచి దింపుతుంటే ఊళ్ళో అందరూ బయటికొచ్చి చూశారు.

ఇదంతా జరిగి మూడేళ్ళు. ఇప్పుడు సంఘానికి కొత్త ఫోను ఉంది. నా బ్యాటరీ పూటకు రెండుసార్లు చచ్చిపోతుంది. నన్ను పారేస్తారనుకున్నాను, పారేయలేదు. నా సిమ్ము తీసేసి, లోపలి ఖాతాలన్నీ చెరిపేసి, నేర్చుకునేవాళ్ళ కోసం ఉంచారు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు బుధవారం బుధవారం వస్తారు. అతికే పని పక్కన పెట్టి వాళ్ళకు నేర్పేది మావుళ్ళమ్మే. ఇప్పుడావిడ మాట్లాడడం మొదలుపెడితే అత్తగారికి సందు దొరకదు.

మొన్న బుధవారం చేపలు ఎండబెట్టే ఊరి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. వేలు నా మీదకు తెచ్చి మళ్ళీ వెనక్కు తీసుకుంది, మళ్ళీ తెచ్చింది.

"తప్పు నొక్కేత్తానేమోనమ్మా. భయంగా ఉంది."

మావుళ్ళమ్మ ఆవిడ వేలు పట్టుకుని మెల్లగా నా తెర మీద ఆనించింది. "దీన్ని ఎంత నొక్కినా ఏం కాదు పిన్నీ, అందుకే ఉంచాం. మీ ఫోనులో మాత్రం, తెలీని మాట కనపడితే ఆగిపోండి. ఎవురెంత తొందరపెట్టినా సరే. ఆగితే ఏమీ పోదు."

పెద్దావిడ నొక్కింది.