ఎడమచేతి బంతి

వదినా మరదళ్ళంటే ఉప్పూ నిప్పూ అనుకునేవాళ్ళకి ఈ ఇద్దరి సంగతి మింగుడుపడేది కాదు. ఆరేళ్ళుగా వారానికి మూడు పొద్దులు, మంగళ, గురు, శనివారాలు, ఇద్దరికీ వీధి చివరి టెన్నిస్ కోర్టులోనే తెల్లవారేది. మరదలిది ఎడమచేతి వాటం. ఆ చేత్తో కొట్టిన బంతి నేలను తాకాక ఎటు తిరుగుతుందో లోకంలో తనకొక్కదానికే తెలుసని వదిన గర్వం. తన భార్య తనను కాక తన చెల్లెల్ని చేసుకుందని వదిన భర్త నలుగురిలో వాపోయేవాడు.

ఈమధ్య మరదలు పనిచేసే నీటి పరీక్షల ల్యాబులో కొత్తగా ఒకావిడ చేరింది. పొడగరి. ఎంత దూరాన పడ్డ బంతినైనా సాగి అందుకుంటుంది. వదిన ఒక్కసారి చూసి ఆమెకి రబ్బరు అని పేరు పెట్టింది. ల్యాబువాళ్ళ జంటల పోటీ దగ్గరపడుతోందని మంగళ, శనివారాలు మరదలు ఆ రబ్బరుకి ఇచ్చేసింది. ఈ పోటీకి ఇంట్లోవాళ్ళనైనా జంటగా తెచ్చుకోవచ్చంటే మరదలు మొదట అడిగింది వదిననే. జనం ముందు ఆడలేనని, నవ్వుతారని తోసిపుచ్చింది వదినే. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. తలుచుకోవడం మానేసింది, అంతే.

మొదటి మంగళవారం పాల ప్యాకెట్ కోసమని బయల్దేరి, రెండు వీధులు చుట్టు తిరిగి కోర్టు కంచె పక్కగా నడిచింది. మరదలు మూడు బంతులు లోతుగా కొట్టి, నాలుగోది వల పక్కన మెల్లగా జార్చింది. రబ్బరు బోర్లాపడినంత పని చేసింది. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. ఆ నాలుగో బంతి తనను ఏడిపించడానికే పుట్టిందని వదిన ఆరేళ్ళుగా అనుకుంటోంది. దాన్ని ఇంకొకరికి వేస్తుంటే చూసి గిరుక్కున వెనుదిరిగింది. పాల ప్యాకెట్ మరిచిపోయి ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రానికల్లా ఒక నిర్ణయానికి వచ్చింది. ఒక్కరే సాధన చేసుకోవడానికి బంతులు విసిరే మెషీన్లు ఉంటాయి కదా, ఒకటి కొనుక్కుంటే ఎవరి దయా అక్కర్లేదు. అయితే కొనడం మరదలు కళ్ళారా చూడాలి. అందుకే ఆదివారం ఆటసామాన్ల దుకాణానికి తోడు రమ్మని పిలిచింది. మరదలు సరేనంది. వచ్చేటప్పుడు రబ్బరునీ వెంటబెట్టుకొచ్చింది. కారు ఆవిడదట. పైగా దిగుతూనే, "అక్కా, బాగున్నారా?" అంది. అక్కట. వదినకి ఒళ్ళు మండింది. బాగానే ఉన్నానంది.

వదిన కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షిస్తుంది. రోజంతా మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం మార్చి అద్దం పెట్టి, ఇదా, ఇంతకుముందుదా అని అడగడం ఆమె పని. మెషీన్లనీ అలాగే పరీక్షకు పెట్టింది. ఆటసామాన్ల దుకాణం వెనక పెరట్లో, అక్కడున్న రెంటినీ వంతులవారీగా ఆడించింది. మొదటిది చక్రాల సూట్‌కేసంత ఉంది, ఒంటిచేత్తో ఎత్తొచ్చు, డెబ్బై బంతులు పడతాయి, కానీ అన్నీ ఒక్కచోటికే విసురుతుంది. రెండోది అటూ ఇటూ తల తిప్పుతుంది, బంతిని తిప్పి వదులుతుంది, రిమోట్ కూడా ఉంది. కారెక్కించాలంటే మాత్రం ఇద్దరు మనుషులు కావాలి. ఇద్దరు కావాలనేసరికి వదిన మొహం చిన్నబోయింది.

బంతులు ఎలా పడాలో చెబితే ఏది నప్పుతుందో చెప్తానన్నాడు దుకాణాయన. నోటితో చెప్పడం ఇష్టంలేక వదిన సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. తన దుకాణంలో కళ్ళద్దాల కొలతలు రాసే చీటీ మీదే, అలవాటు చొప్పున, కుడి, ఎడమ గళ్ళలో రాసుకొచ్చింది. చూసుకుని తన చేతికే తిరిగిస్తాడనుకుంది గాని, ఆయన పైకి చదువుతాడనుకోలేదు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని గట్టిగా మొదలుపెట్టాడు. "కుడి, ఏమీ లేదు. ఎడమ, లోతుగా మూడు, కాస్త తిరుగుడుతో. నాలుగోది వల దగ్గర, మెల్లగా. ఓడిపోయేలా ఉంటే ఎత్తుగా, ఎండ కళ్ళలో పడేలా." చదవడం ఆపి తలెత్తాడు. "మిగతావి ఎలాగోలా సర్దొచ్చు మేడమ్. తను ఓడిపోతున్నట్టు మెషీన్‌కి తెలీదండి."

రబ్బరుకి ఏమీ అర్థంకాలేదు. మరదలు ఎగరేసి పట్టుకుంటున్న బంతి చేతిలోనే ఆగిపోయింది. దుకాణాయన చేతిలోని చీటీ తీసుకుని ఒకసారి తనూ చదువుకుంది.

"వదినా, నువ్వు నన్ను కొనడానికొచ్చావా?"

నవ్వేస్తే పోయేది. వదినకి నవ్వు రాలేదు. "కొంటే రోజూ దొరుకుతావా మరి?" అంది. గొంతు తాననుకున్నంత వెటకారంగా పలకలేదు.

మరదలు చీటీని మడిచింది, విప్పింది. రబ్బరు మెల్లగా దుకాణం లోపలికి వెళ్ళి బూట్ల బీరువా ముందు నిలబడింది.

"పోటీకి మొదట నిన్నే అడిగా."

"అడిగావు."

"రానన్నావు."

"అన్నాను. వేరేవాళ్ళతో వెళ్ళమన్నానా?"

"ఒక్కదాన్నే జంటగా ఎలా ఆడను వదినా?"

వదిన చిన్న మెషీన్ పిడి పైకి లాగింది, మళ్ళీ లోపలికి తోసింది. మరదలే మంగళవారం వెనక్కి ఇచ్చేస్తానంది. పోటీకి శనివారమొక్కటి చాలుతుందట. ఇచ్చినదానికి సంతోషించాల్సింది పోయి, వదిన మనసు ఇవ్వని దానిమీదే పడింది.

"శనివారం?"

"శనివారం కుదరదు. మాటిచ్చాను."

"మరి ఆ నాలుగో బంతి?"

"ఏ నాలుగో బంతి?"

"వల దగ్గర జారుస్తావే, అది. దాన్ని ఆవిడకి వెయ్యకు."

మరదలి పెదవి కొస కదిలింది గాని నవ్వలేదు. "సరే, వెయ్యను," అంది.

వదిన దుకాణాయన వైపు తిరిగింది. "ఆ చిన్నది కట్టండి."

"మళ్ళీ ఎందుకు వదినా అది?"

"శనివారానికి," అంది వదిన. రబ్బరు సాయానికి చెయ్యి చాపేలోగా మెషీన్ పిడి తనే పట్టుకుని కారువైపు ఈడ్చుకుంటూ నడిచింది.