లాలి ఇంటికి బండల అంచనా

లాలికి పేడ వాసన పడటం లేదట. కడుపులో తిప్పుతోందట. ఆ మాట ఎవరితో అంది? నాతో. నేను వేసిన నేల మీద ఆరేళ్ళు తిని, పడుకుని, ఇద్దరు పిల్లల్ని పాకించిన మనిషి, పొద్దున్నే నా గుమ్మంలో నిలబడి, "అక్కా, ఇగ ఈ అలుకుడు నాతోని కాదు. బండలు ఏపిస్తున్నం" అని చెప్పి, అగ్గిపెట్టె అడిగి తీసుకుని పోయింది. అగ్గిపెట్టె కోసం వచ్చి ఆ మాట చెప్పిందో, ఆ మాట చెప్పటానికి అగ్గిపెట్టె వంక పెట్టుకుందో మీరే చెప్పండి.

లాలి నా తోడికోడలు. మా ఆయన పూల్‌సింగ్ తమ్ముడు గోప్యా పెళ్ళాం. గోప్యాకి పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. అది పర్మినెంటు అయిన దగ్గర్నుంచి లాలి మా లంబాడీల లంగా పేటియా మానేసి చీర కట్టడం మొదలుపెట్టింది. తండాలో మొదటి ఫ్యాను వాళ్ళింట్లోనే తిరిగింది. మొదటి కుక్కరు వాళ్ళింట్లోనే కూత పెట్టింది. ఆ కూత వినపడినప్పుడల్లా నేను మా ఇంట్లో గిన్నెలు ఠంగుమని కింద పెట్టేదాన్ని. నీకు కుళ్ళు అని మా ఆయన అనేవాడు. అవును, కుళ్ళే. పక్కింట్లో పాయసం కాస్తూ నన్ను ముక్కు మూసుకోమంటే ఎంతసేపని మూసుకుంటాను?

కానీ ఫ్యాను వేరు, బండలు వేరు. ఆ ఫ్యాను కింద నేనూ కూర్చున్నాను. ఆ కుక్కర్లో పప్పు నేనూ తిన్నాను. బండలు మాత్రం నన్ను ఎత్తి పక్కన పడేసే పని.

మా తండాలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో పెళ్ళి కుదిరితే ముందు నేల తవ్వి కొత్తగా వేయాలి. కొత్త కోడలు పాత నేల మీద అడుగు పెట్టకూడదు. ఆ నేల వేసేది నేను. మా అత్త దగ్గర నేర్చుకున్న పని అది. ఎవరింట్లో పెళ్ళయినా బట్టలకు పోకముందే ఆ ఇంటి ఆడది వచ్చి నన్ను పిలవాలి. పైసా తీసుకోను. ఇస్తామన్నా తీసుకోను. ఒకసారి నాకు జ్వరమొస్తే ముహూర్తమే వెనక్కి జరుపుకున్నారు. నాకు చదువు లేదు. మా ఆయనకు ఉద్యోగం లేదు. అడవి అంచున రెండెకరాల జొన్నచేను, అందులోనూ పందులు తినగా మిగిలిందే మాకు. కానీ నేల దగ్గరికి వచ్చేసరికి ముసలీ ముతకా అంతా రూప్లి, రూప్లి అంటారు. ఆ ఒక్కటే నాకు ఈ తండాలో ఉన్న మర్యాద. లాలిని చూసి ఇప్పటికే సగం మంది చీరలు కట్టారు. రేపు లాలిని చూసి అందరూ బండలు వేయిస్తారు. ఇక రూప్లితో ఎవరికి పని?

నాకు ఒక్క దారే కనపడింది. మూడు వేలు దాటితే బండలూ లేవు, గిండలూ లేవు అని గోప్యా మా ఆయనతో తెగేసి చెప్పాడట. ఆడది ఏడ్చినా, అలిగినా గోప్యా డబ్బు దగ్గర కరగడు. అది నాకు తెలుసు. అంచనా మూడు వేలు దాటించు తండ్రీ అని మా తండా దేవుడు సేవాభాయాకి మొక్కుకున్నాను. పక్కింటివాళ్ళ ఖర్చు పెంచమని మొక్కేవాళ్ళు ఆయనకు కొత్తే అయి ఉంటారు.

ఆదివారం పగిడయ్య మేస్త్రీ పాల్వంచ నుంచి సైకిలు మీద వచ్చాడు. బండల పనిలో పేరున్నవాడు. నేను జల్లెడ తిరిగి ఇచ్చే వంకన లాలి ఇంట్లోకి వెళ్ళి, గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎవరూ పొమ్మనలేదు. పొమ్మన్నా పోయేదాన్ని కాదు.

మేస్త్రీ టేపు ఒక చివర గోప్యాకిచ్చి గది కొలిచాడు, వసారా కొలిచాడు, వంటిల్లు కొలిచాడు. లాలి కొంగు నడుముకు చెక్కి ఆయన వెనకాలే తిరిగింది. తాండూరు బండ అయితే ఎంత, పాలిష్ పెట్టిస్తే ఎంత అని అడుగుతోంది. ఆ మాటలన్నీ ఎక్కడ నేర్చిందో మరి. నాకూ ఒక ఆలోచన వచ్చింది. "చుట్టూ నల్ల బండ పట్టీ పెట్టించుకో చెల్లె, ఎంత అందముంటది" అన్నాను. లాలి కళ్ళు మెరిశాయి. వసారాకి కూడా పాలిష్ లేకపోతే ఏం బాగుంటుంది అన్నాను. వంటింటి గట్టు మీద కూడా బండ పరిస్తే తుడుచుకోవడం తేలిక కదా అన్నాను. నా ప్రేమకు లాలి కరిగిపోయింది. అక్క చెప్పినవన్నీ రాయమంది. రాయి నాయనా, రాయి, అన్నీ రాయి అనుకున్నాను.

మేస్త్రీ సిగరెట్టు పెట్టె అట్ట మీద కూడికలు వేశాడు. బండలు, సిమెంటు, లారీ కిరాయి, కూలి, పాలిష్, నల్ల పట్టీ, గట్టు. అన్నీ కలిపితే రెండు వేల ఏడొందలు. ఛీ, నా నోట్లో మన్ను పడ. అంతంత చెప్పినా మూడు వేలకు చేరలేదు. గోప్యా ముఖం విప్పారింది. లాలి టీ పెట్టడానికి లేచింది. నేను కూడా లేచి వచ్చేద్దామనుకున్నాను.

అప్పుడు మేస్త్రీ గడ్డపార తీసుకుని నేల మీద ఒకటి వేశాడు. గడ్డపార ఎగిరి పక్కకు పడింది. ఆయన కూర్చుని అరచేత్తో నేల తడిమాడు. పైన గట్టిగానే ఉంది కానీ లోపల ఏముందో తెలియకుండా బండ పరవనన్నాడు. నిరుడు దుమ్ముగూడెం వైపు ఒక ఇంట్లో మట్టి నేలను నమ్మి బండలు వేస్తే, ఒక్క వానాకాలానికే నడిమధ్య కుంగాయట. మళ్ళీ తన చేతి డబ్బుతో తీసి వేయాల్సి వచ్చిందట. అందుకని నేల మొత్తం తవ్వి, మట్టి బయట పోసి, రాయీ ఇసుకా నింపి దంచాలి. దానికి ఇంకో వెయ్యి అన్నాడు.

మూడు వేల ఏడొందలు. గోప్యా టేపు కింద పెట్టేశాడు. లాలి టీ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. నాకు ఎండలో నడిచి వచ్చి చల్లటి నీళ్ళు తాగినట్టుంది. ముఖం మాత్రం అయ్యో అన్నట్టు పెట్టాను. ఆ విద్య నాకు బాగానే వచ్చు.

తవ్వకుండా కాదా అని గోప్యా రెండు మూడు రకాలుగా అడిగాడు. నేల వేసినవాళ్ళు ఎవరైనా ఉండి, అడుగున ఏం పోశారో చెబితే, ఒక మూల తవ్వి చూస్తానని, ఆ మాట నిజమైతే వెయ్యి కొట్టేస్తానని మేస్త్రీ అన్నాడు. గోప్యా నా వైపు తిరిగాడు.

"వదినా, నువ్వే గదా ఏసింది. ఏం పోసినవ్?"

నాకు ప్రతి గంపా గుర్తే. అయినా ఆరేళ్ళ కిందటి మాట, ఎన్ని ఇళ్ళకు వేశానో, ఏ ఇంటికి ఏం పోశానో నాకేం గుర్తు అన్నాను. పక్కకు తిరిగి జల్లెడలో లేని నూకలు ఏరాను. అంతటితో ఊరుకుంటే అయిపోయేది. మేస్త్రీ సైకిలు ఎక్కేవాడు, లాలి నాలుగు రోజులు మూతి ముడుచుకుని తిరిగి పేడ కలుపుకునేది. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకోవడమే.

కానీ లాలి ఊరుకుందా? అక్కకు గుర్తులేకపోతే గుర్తుపెట్టుకునేంత సంగతి అందులో ఏం లేదన్నట్టు చెయ్యి ఊపింది. "ఏముంటది మేస్త్రీ, ఉత్త మట్టి. మట్టి పోసి మీద పేడ పూసిన్రు" అంది. ఉత్త మట్టి అట. సరే, దానికి బుద్ధి లేదు, చీర కట్టుకున్నంత మాత్రాన బుద్ధి వస్తుందా అని పళ్ళు కొరుక్కున్నాను. అప్పుడు ఆ పగిడయ్య నవ్వాడు. ఆడవాళ్ళు వేసే నేలలు అన్నిచోట్లా అంతేనన్నాడు. పైకి నున్నగా అద్దంలా ఉంటాయట, లోపల పస ఉండదట. చెప్పి, ఆ అట్ట ముక్క మీద వెయ్యి అని రాయబోయాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. మా అత్త నేర్పిన పని. మాఘమాసం చలిలో పొద్దు పొడవక ముందు లేచి నేను చేసిన పని. గోప్యా పెళ్ళి కదా, ఊరూరి నుంచి చుట్టాలు వస్తారు కదా అని తండాలో ఎవరింటికీ పెట్టనంత కష్టం ఆ ఒక్క ఇంటికి పెట్టాను. మా ఇంటి నేలకు కూడా అంత చేయలేదు. దాని మీద వాడు పస లేదని రాస్తాడా? ఊరుకోవే రూప్లీ, ఊరుకో, వెయ్యి పడనీ అని లోపల ఒకతి చెబుతూనే ఉంది. దాని మాట నేనెందుకు వింటాను?

"కలం ఆపు మేస్త్రీ" అన్నాను. "అది ఉత్త మట్టి కాదు. అడుగున కిన్నెరసాని వాగు గులకరాళ్ళు, జానెడు మందం. దాని మీద మొరం, మూడు పొరలు. పొరపొరకు నీళ్ళు కొట్టి దిమ్మిసతోని దంచినం. ఆ పైన పుట్టమన్ను, ఊక కలిపి వారం నానబెట్టింది. నా రెండు చేతులు పొక్కిపోయినయ్. నీకు ఏ మూల కావాలో ఆ మూల తవ్వు. నేను చెప్పినట్టు లేకపోతే ఆ వెయ్యి నేను కడత."

వెయ్యి నేనెక్కడ కడతాను? మా ఇంట్లో వంద కూడా లేవు. నోరు జారింది. గోప్యా, లాలి గుడ్లప్పగించి నన్నే చూస్తున్నారు. గుర్తులేదన్న మనిషికి ఇంత గుర్తెలా వచ్చిందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. అంత మంచివాళ్ళయితే ఇంకా మంట.

మేస్త్రీ జొన్నల గుమ్మి పక్కన మూల చూసుకుని గడ్డపార వేశాడు. నా నేలకు గడ్డపార తగిలిన ప్రతిసారీ నా పళ్ళు జివ్వుమన్నాయి. పుట్టమన్ను పెంకులు పెంకులుగా లేచింది. ఆ తర్వాత మొరం. దాన్ని పెకిలించేసరికి ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. చివరికి గులకరాయి ఖంగుమంది. ఆయన చెయ్యి లోపలికి పెట్టి జాన కొలుచుకున్నాడు.

"దీని మీద లారీ ఎక్కించినా కుంగదక్కా" అన్నాడు. "నేను తవ్వి నింపినా ఇంత గట్టిగా రాదు."

ఆ మాటకు ఒక్క క్షణం నేను నేల మీద లేను. ఏం చూస్తున్నారు, వినండి అన్నట్టు ఇద్దరి వంకా చూశాను. అంతలో మేస్త్రీ రాయబోయిన వెయ్యి వదిలేసి, పాత రెండు వేల ఏడొందల కింద గీత గీశాడు. గోప్యా లోపలికి వెళ్ళి బయానా తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. లాలి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. నువ్వు లేకపోతే నా ఇంటికి బండలు పడేవి కావక్కా అంది. దాని జుట్టుకు రాసుకున్న వాసన నూనె నా ముక్కులోకి పోయింది. కొరికేద్దామన్నంత కోపం వచ్చింది.

ఉగాదికి ముందే పని అయిపోయింది. లాలి పిలిస్తే పోకూడదనుకున్నాను, కానీ చూడకుండా ఉండలేక వెళ్ళాను. చెప్పులు లేని కాళ్ళకు బండ చల్లగా తగిలింది. చుట్టూ నల్ల పట్టీ నిగనిగలాడుతోంది. అది నేను పెట్టించిందే, నా ఖర్మ. ఎక్కడైనా వంకర ఉంటుందేమోనని మూలమూలా వెతికాను. లేదు. చచ్చేంత బాగుంది. లాలి బకెట్ నీళ్ళు కుమ్మరించి, పొరక పట్టుకుని ఒక్క ఊపులో కడిగేసి, అంతే అక్కా, అయిపోయింది అని నవ్వింది. నేను పూటంతా వంగి అలికే పని. తండా ఆడవాళ్ళు గుమ్మంలో బారులు తీరి చూశారు. ఒక్కరూ నా వైపు చూడలేదు. ఇంటికొచ్చి ఆ పూట అన్నం వండలేదు.

పదిరోజులు పోయాక బాలి వచ్చింది. మా వెనకింటి ఆవిడ. పెద్దకొడుకు పెళ్ళి కుదిరిందని రెండు రోజులుగా వింటూనే ఉన్నాను. ఎప్పుడొస్తుందా, వస్తుందా రాదా అని గుమ్మంలోనే కూర్చుని జొన్నలు చెరిగాను. ఆమె వాకిట్లోకి అడుగు పెట్టగానే నా ప్రాణం లేచి వచ్చింది. చూశావా లాలీ, నీ బండలు నీకే ఉంచుకో అనుకున్నాను. బాలి నోరు తెరవక ముందే పూల్‌సింగ్‌ను కేకేసి, ఎడ్లు ఇంట్లోనే ఉన్నాయా, పుట్టమన్నుకు రేపు బండి కట్టాలి అని చెప్పాను. ఈసారి ఊక కొత్తది తేవాలి, మొరం వాగు ఇవతలిది వద్దు అని బాలికి కూడా చెప్పుకుంటూ పోయాను.

బాలి నా చెయ్యి పట్టుకుని ఆపింది. మంచిది, పాపం. నన్ను నొప్పించాలని వచ్చిన మనిషి కాదు.

"అది కాదు వదినా, రేపు పగిడయ్య మేస్త్రీ మా ఇంటికి అంచనాకు వస్తుండు. మా నేల గూడ నీ చేతి నేలనే గదా. నువ్వు వచ్చి ఆ మాట చెప్తే తవ్వే ఖర్చు కొట్టేస్తడంట. నీ మాట అయితేనే నమ్ముతడంట. హాతీరాం వాళ్ళు గూడ బండలు ఏపిస్తరంట, నిన్ను అడగమన్నరు."

పూల్‌సింగ్ ఎడ్ల దగ్గర నుంచి ఇటే చూస్తున్నాడు. పోను అని చెప్పవచ్చు. పోకపోతే పగిడయ్య ఆ ఇంట్లో కూర్చుని, ఆడవాళ్ళు వేసిన నేల, లోపల పస లేదు అని రాసుకుంటాడు. తండా అంతా ఆ మాట వింటుంది. పోతే, ఆ ఇంట్లో మళ్ళీ నేను చెయ్యి పెట్టే పని ఉండదు. ఆ తర్వాత హాతీరాం ఇంట్లోనూ ఉండదు.

ఏ పొద్దుకు రమ్మంటావు అని బాలిని అడిగాను.