చేతికి తెలిసిన చోటు

కంప్యూటర్ డబ్బా మూత ఊడగానే దుమ్ము గుప్పున లేచింది. మేస్త్రి ముఖం పక్కకు తిప్పుకుని, బ్రష్షుతో ఫ్యాను రెక్కల్ని ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. మెట్ల కింద ఇరుకు కొట్టు అది. లేచి నిలబడితే తల తగులుతుంది. ఏళ్ల తరబడి అందులో ముడుచుకుని కూర్చోవడంతో వీధిలో నడిచేటప్పుడు కూడా మనిషి కాస్త వంగే నడుస్తాడు. వేళ్ల చివర్లు టంకం వేడికి కాలి కాలి మొద్దుబారాయి. బొటనవేలి గోటి కింద నల్లటి గీత ఒకటి ఏ సబ్బుకీ లొంగలేదు.

ఎదురుగా స్టూలు మీద టైలరమ్మ, ఆమె వెనక అల్లుడు.

"కొత్త విండోస్ వేసెయ్ మేస్త్రీ. ఈ పాతది చూస్తుంటేనే నిద్రొస్తోంది," అన్నాడు అల్లుడు.

మేస్త్రి అతని వైపు చూడలేదు. "దీంతో మీరేం చేస్తారమ్మా?" అన్నాడు. ఎవరొచ్చినా ముందు అడిగేది ఇదే. ఏ సిస్టమ్ కావాలని మాత్రం అడగడు.

"గౌన్ల నమూనాలు చూస్తా. మనవరాలితో వీడియోలో మాట్లాడతా. ఎవరూ చూడకపోతే పేకాడతా."

"చూసినా ఆడుతుంది," అన్నాడు అల్లుడు.

"ఓడిపోయినవాడివి, నీకు కడుపుమంట ఉండదా మరి?"

మేస్త్రి నవ్వాడు. "కొత్త విండోస్‌ని ఈ మెషిన్ మోయలేదు. ముసలాయన నెత్తిన మూట పెట్టినట్టవుతుంది. లినక్స్ వేస్తా, తేలిక. మీ పనులన్నీ అయిపోతాయి."

"తెర మీద బొమ్మలన్నీ ఇప్పుడున్న చోటే ఉంటాయా?"

"కొంచెం అటూ ఇటూ..."

"కొంచెం కూడా కుదరదు. చీకట్లో లేచినా ఉప్పుడబ్బా చేతికి తగలాలి. కొత్తది రాక కాదు నాయనా. మళ్లీ మళ్లీ మొద్దుని అవడం ఇష్టం లేక."

మేస్త్రి చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

ఇంట్లో అతని భార్య దుప్పటి కింద చెయ్యి దాచుకుని పడుకుని ఉంది.

పక్షవాతం ఆమె కుడిపక్కనీ, మాటనీ ఒక్కసారే తీసుకుపోయింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి, అక్కడ చాలక ఇంటికొచ్చి కూడా గలగలా మాట్లాడిన మనిషి. ఆ నిశ్శబ్దం భరించలేక మేస్త్రి మూలన పడేసిన పాత మెషిన్ ఒకటి తెచ్చి, మంచం పక్కన పెట్టాడు. కీబోర్డు అంకెల మీద ఆరు మాటలు అమర్చాడు. నీళ్లు, కిటికీ, ఫ్యాను, నొప్పి, చాలు, రా. ఎడమచేతి వేలితో నొక్కితే మెషిన్ ఆ మాట పైకి అంటుంది. రేకుడబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుండే గొంతు. అయినా నెలలు కష్టపడి ఆమె నేర్చుకుంది. చూడకుండా నొక్కే దాకా వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. గుండె బాగా అలసిపోయింది, ఎన్నాళ్లో చెప్పలేనన్నాడు డాక్టరు. ఉన్నన్నాళ్లూ ఆమెకు మంచిది ఇవ్వాలనుకున్నాడు మేస్త్రి. కొత్త మెషిన్, కొత్త సిస్టమ్, తేనెలాంటి గొంతు, వందల మాటలు. ఎక్కువ వాడే మాటను అదే ముందుకు తెస్తుంది కూడా. అంటే ఏ మాటా నిన్నటి చోట ఉండదు. నీళ్లు అడగబోతే అది "చాలు" అంది. అతను ఇంకో సిస్టమ్ వేశాడు. తర్వాత మరొకటి. ఆ మూడోదానితో ఆమె చెయ్యి దుప్పట్లోకి వెళ్లిపోయింది.

భార్యను మాత్రం అతను అడగలేదు, దీంతో నువ్వేం చేస్తావని.

"అన్నీ ఉన్నచోటే ఉంచి ఇస్తానమ్మా. రేపు రండి," అని మేస్త్రి కొట్టు మూసేశాడు.

ఇంట్లో వదిన, భార్యకు అక్క, తలుపు తీస్తూనే అందుకుంది. "పొద్దున్నే పోయి మధ్యాహ్నానికే దిగబడ్డావేం మరిదీ? కొట్టు కూలిందా?"

"పాత మెషిన్ ఏది వదినా?"

"అటక మీద. మళ్లీ మొదలుపెట్టావూ? దాన్ని కాస్త ప్రశాంతంగా ఉండనివ్వవా?"

"ఇదే ఆఖరు."

భార్య గోడవైపు తిరిగి ఉంది. మేస్త్రి కొత్తదాన్ని పక్కకు నెట్టి, పాతదాన్ని మంచం పక్కకు చేర్చి, వైర్లు బిగించాడు. అది మూలిగింది, ఆగింది, మళ్లీ మూలిగింది. ఎట్టకేలకు తెర మీద వెలిసిన నీలిరంగు పరుచుకుంది.

దుప్పటి కదిలింది. సన్నని చెయ్యి బయటికొచ్చి, చూడకుండానే ఒక అంకె మీద వాలింది.

"కిటికీ," అంది రేకుడబ్బా గొంతు.

మేస్త్రి పరుగున వెళ్లి కిటికీ తెరిచాడు. వీధి చప్పుడంతా గదిలోకి వచ్చింది. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, అంతలోనే తేరుకుని, "ఆ దుమ్మంతా దాని మొహానే పడాలా? మంచం ఇటు జరపచ్చుగా, ఎన్నిసార్లు చెప్పినా..." అని మొదలుపెట్టింది.

"నొప్పి."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "ఎక్కడ? ఎక్కడే?" అన్నాడు మేస్త్రి.

ఆమె కళ్లు నెమ్మదిగా కదిలి అక్క మీద ఆగాయి. సగం మూతి నవ్వింది.

"నొప్పంటే నువ్వేనట వదినా!"

"దీని అసాధ్యం కూలా! నోరు పోయినా బుద్ధి పోలేదు," అంటూ వదిన ఏడుస్తూ నవ్వింది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె మాట్లాడింది. ఫ్యాను. చాలు. ఫ్యాను. నీళ్లు. పని లేకపోయినా నొక్కింది. మేస్త్రి లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు, ఒక్కసారీ విసుక్కోలేదు.

ఎండ తగ్గాక వదిన స్నానానికి వెళ్లింది. మేస్త్రి వంటింట్లో పాలు కాస్తున్నాడు.

"రా," అంది మెషిన్.

"వస్తున్నా."

పాలు అంచుదాకా పొంగాయి. స్టవ్ ఆర్పాడు.

"రా."

"వస్తున్నానే తల్లీ, పాలు చల్లార్చనీ." గ్లాసులో పోసి, తిరగబోసి, ఆమె తాగే ప్లాస్టిక్ గొట్టం కొస వంచి అందులో వేశాడు.

"రా. రా. రా. రా."

ఆమె అంత తొందర పెట్టే మనిషి కాదు. మేస్త్రి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తల దిండు మీద పక్కకు వాలి ఉంది. కళ్లు కిటికీ వైపు ఉన్నాయి. వేలు అంకె మీద అలాగే ఉండిపోయింది. నొక్కిన వేలు లేవకపోతే ఆ మెషిన్ ఆగదు.

అతను గ్లాసును స్టూలు మీద పెట్టి, పక్కన కూర్చున్నాడు. వదిన తడి తలతో పరుగెత్తుకొచ్చేదాకా భార్య చేతిని అంకె మీంచి తీయలేదు. పిలవనిచ్చాడు.

తర్వాత చుట్టుపక్కలవాళ్లు వచ్చారు. మంచం ఖాళీ అయింది. మెషిన్ వైరు ఎవరో పీకేశారు. స్టూలు మీద పాలగ్లాసు అలాగే ఉంది. పైన మీగడ కట్టింది. గొట్టం కొస మాత్రం, అతను వంచినట్టే, దిండు వైపు తిరిగి ఉంది.