మంచి రక్తం

ఆ ప్రభుత్వ క్యాన్సర్ పరిశోధనశాలలో జబ్బు రక్తానికి కొదవ లేదు, కరువల్లా మంచి రక్తానికే. రోగుల రక్తాన్ని దేనితోనైనా పోల్చి చూడాలి కదా! అందుకని అక్కడ పనిచేసేవాళ్లే వంతులవారీగా చేయి చాపేవాళ్లు. రక్తం తీసే టెక్నీషియన్ని అందరూ సూదక్క అనేవాళ్లు. పోయిన వారం వంతు ఆవిడదే. కానీ ఆవిడ అప్పుడే జ్వరం పడి లేచింది, అలాంటి ఒంట్లోంచి తీయకూడదు. అందుకని, తను ఇంట్లో మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి వచ్చిన మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి గుచ్చేసింది. మనిషి దుక్కలా ఉంటాడు, ఇంతకంటే మంచి రక్తం ఎక్కడ దొరుకుతుంది అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ ఆ మంచి రక్తంలో ఉండకూడని కణాలు కనిపించాయి.

"నమూనా పాడైనట్టుంది. పారేసి ఇంకోటి తీయండి," అంది పెద్ద మేడమ్. "రేపు నిధులిచ్చే కమిటీ వస్తోంది. దీన్ని పట్టుకుని కూర్చుంటే కొంప మునుగుతుంది."

మునిగేది ఎవరి కొంపో సూదక్కకు తెలుసు. అదే రక్తాన్ని పోయిన వారమే పూసి దాచిన రెండో గాజుపలక ఉంది. దానికి రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి తన పనిలో తప్పు దొరకాలని దేవుడికి మొక్కుకుంది. దేవుడు వినలేదు. పలకలో ఏ లోపమూ లేదు, కణాలూ అవే.

తిట్లు తినడానికి సిద్ధపడి, మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేసింది. మేడమ్ తిట్టలేదు. అదే సూదక్కని ఇంకా భయపెట్టింది.

"ఇది అనుమానమే. ఆసుపత్రిలో ఖాయం చేసుకోవాలి. ఇప్పుడే తీసుకెళ్లమ్మా."

ఫోన్ చేసి పిలిస్తే మొగుడు గేటు దగ్గరికి వచ్చాడు. విషయం సగం వినగానే నవ్వాడు.

"మళ్లీ నా రక్తమేనా? నీకంటే దోమే నయం, కడుపు నిండితే వదిలేస్తుంది!"

"ఈసారి మాకోసం కాదండీ. మీకోసం." మిగతా సగం కూడా చెప్పింది.

ఆయన నవ్వు ఆగింది. ఆవిడ వెనకున్న భవనాన్ని, దాని కిటికీలన్నిటినీ కాసేపు చూశాడు.

"ఇన్నేళ్లుగా మీరు వెతుకుతున్నది దీని మందే కదా," అన్నాడు మెల్లగా. "దొరికిందా?"

ఆ మాట కమిటీలు అడిగినప్పుడల్లా లోపల ఎవరో ఒకరు గంటసేపు జవాబు చెప్పేవాళ్లు.

"ఇంకా లేదండీ," అంది సూదక్క.