పురుగుకి పాలెందుకు

బయట పెడితే మేకలు మిగల్చవని కరివేపాకు కుండీని ముందుగది కిటికీలో పెట్టుకున్నాను. తొంభై నాలుగో సంవత్సరం దసరా వెళ్లాక దానికి నాలుగు పురుగులు పట్టాయి. మొదట పిట్ట రెట్టలనుకుని పుల్లతో గీకబోయాను. ఒకటి కదిలింది. ఇంకేముంది, నా పని మానేసి దాని పని చూస్తూ కూర్చున్నాను. ఆకు అంచున మొదలుపెట్టి ఈనె దాకా తినడం, కాస్త ఆగడం, మళ్లీ తినడం. తోలు విడిచి విడిచి చివరికి పచ్చగా చిటికెనవేలంత అయ్యాయి. అవి సీతాకోకచిలుకలై ఎగిరితే చూడాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

"చారులోకి రెబ్బ లేదు గానీ పురుగులకి విందా?" అని మా ఆయన సతీష్‌కుమార్ రోజూ సణిగేవాడు. హిందీవాళ్ల ఊళ్లో, ఈ కార్ఖానా క్వార్టర్ల సెక్టర్ సిక్స్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, సగం మాట హిందీ. బజారు కరివేపాకు చారులో వేసి నోరు మూయించేదాన్ని. చివరికి నాగులచవితి పొద్దున పురుగుమందు సీసా, పిచికారీ పట్టుకొచ్చాడు.

"హఠో అరుణా, పక్కకి జరుగు, ఒకేసారి కొట్టేస్తాను."

"వద్దు" అన్నాను.

ఈ ఇంట్లో నేను వద్దన్నది ఆగిన పాపాన పోలేదు. గోడలకి ఆ ముదురు పచ్చరంగు వద్దన్నాను, వేశారు. మా తమ్ముడి పెళ్లికి వెళ్లకుండా నన్ను ఆపొద్దన్నాను, ఆపారు. ఈసారి మాత్రం ఆగాల్సిందే అనుకున్నాను.

అంతలో మా అత్త వరలక్ష్మమ్మ వచ్చి, పురుగులెక్కడున్నాయో చూద్దామని కొమ్మ కదిపింది. పెద్దది తలెత్తి, మెడ దగ్గర్నుంచి రెండు పాయల ఎర్రటి నాలుకలాంటిది చాపింది. బెదిరితే అది చేసే పనే అది. పైగా దాని మీద కళ్లలాంటి మచ్చలు.

"ఓలమ్మో, నాగన్న తండ్రే! నాగులసవితి నాడు మనింటికొచ్చినాడ్రా సతీసూ! ఆ మందు అవతల పడీ!"

మా ఆయన పిచికారీ దించేశాడు. నేను నోరు మెదపకపోతే గండం గడిచినట్టే. కానీ అత్త పసుపు, గ్లాసెడు పాలు తెచ్చి నేరుగా పురుగు నెత్తిన పోయబోయింది.

"అత్తా, పొయ్యకు, సచ్చిపోతాది! అది నాగన్న కాదు, ఉత్త పురుగు."

"పురుగేనా? మరింకేటి!" మా ఆయన మళ్లీ పిచికారీ ఎత్తాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "పురుగే. నేను పెంచుకుంటున్న పురుగు. మీ ఇంట్లో బతకాలంటే దేవుడే అవ్వాలా?"

అత్త చేతిలో గ్లాసు లాక్కుని, ఉపవాసం ఉన్నదాన్ని, గటగటా తాగేశాను. ఇద్దరూ నోరెళ్లబెట్టి చూస్తుండగానే కుండీ ఎత్తుకుని పడగ్గదిలోకి పోయి గడియ పెట్టాను.

"నాగన్న పాలు తాగీసినావేటే! కళ్లు పోతాయే!" అని అత్త తలుపు బాదింది. నాకు భయమూ వెయ్యలేదు, సిగ్గూ వెయ్యలేదు. ఆకలి మాత్రం తీరింది.

మధ్యాహ్నం సైకిలు తీసే వేళకి మా ఆయన గొంతు తగ్గింది. "అరుణా, సెకండ్ షిఫ్ట్‌కి టైమైపోతోంది. నా గేట్ పాస్ లోపలుండిపోయింది. తలుపు తియ్యి."

"మందు సీసా కిటికీలోంచి ఇవ్వండి."

"పాగల్ హో క్యా? పిచ్చా నీకు? పురుగుల కోసం నా డ్యూటీ పోగొడతావేటి?"

"మీ ఇష్టం."

కాసేపటికి ఊచల మధ్య నుంచి సీసా వచ్చింది. పిచికారీ కూడా ఇమ్మన్నాను. ఇచ్చాడు. పాస్ అదే ఊచల్లోంచి అందించాను.

తలుపు మాత్రం తియ్యలేదు.